కొట్టు వెనక గిడ్డంగి: ఇచ్ఛాపురం పాత ఇటుక కట్టడాల కథ

(శ్రీకాకుళంలో స్థానిక చరిత్రపై ఆసక్తి ఉన్నవారి సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, ముందు వరుస ఖాళీగా ఉన్నా వెనక బల్లలు వదలని యువకులకు నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ చరిత్రకారుడన్నారు. ఆ మాట నాకు చెల్లదు. ఉద్యోగమంతా కట్టడాల పనిలో గడిపినవాణ్ణి. శాసనం ముందు నిలబెడితే నాకు ఒక్క అక్షరం తెలియదు. పాత గోడ ముందు నిలబెడితే మాత్రం కాసేపు మాట్లాడగలను. ఈ సాయంత్రం ఆ పనే చేస్తాను.

మన జిల్లాలో చరిత్ర అనగానే అందరూ శ్రీముఖలింగం వెళతారు, శాలిహుండం కొండ ఎక్కుతారు, అరసవల్లిలో దండం పెట్టుకుంటారు. మంచిదే. కానీ బజారు వీధి చరిత్రను ఎవరూ పట్టించుకోరు. బెల్లం అమ్మిన కొట్టుకు చరిత్ర ఏమిటని అనుకుంటాం. "ఇచ్ఛాపురం నుంచి తడ దాకా" అని వేదికల మీద ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. పెద్ద పెద్ద పాదయాత్రలు కూడా ఇచ్ఛాపురం చేరి ముగిశాయి. నాయకులు వచ్చారు, సభ పెట్టారు, దండలు వేయించుకున్నారు, కారెక్కి వెనక్కి తిరిగారు. ఆ ఊరి పాత బజారులోకి నాలుగడుగులు వేసి, తలెత్తి పిట్టగోడల వైపు చూసినవారు ఎందరో నాకు అనుమానమే. రాష్ట్రానికి మొదటి ఊరని చెప్పుకుంటాం. ఆ ఊళ్ళో ఏముందో అడగం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఇచ్ఛాపురాన్ని సరిహద్దు పట్టణం అంటాం కదా, ఆ సరిహద్దు వయసు ఎంత? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అంతకు ముందు ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం, ఈ శ్రీకాకుళం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనివే. ఇంకా వెనక్కి వెళితే, నవాబుల కాలంలో శ్రీకాకుళం సర్కారు అనే పరిపాలనా విభాగంలోని ఉత్తర భాగానికి ఇచ్ఛాపురమే ముఖ్యస్థానం. అప్పటికది దేనికీ చివర కాదు. పెద్ద దారి మీద, బాహుదా నది పక్కన, ఉత్తరానికీ దక్షిణానికీ నడుమ ఉన్న ఊరు. ఒక వైపు సముద్రం దగ్గర, మరో వైపు కొండలు దగ్గర. బరంపురం 25 కిలోమీటర్లే. మన శ్రీకాకుళమో, 130 కిలోమీటర్ల దూరం. పెళ్ళి పట్టుచీరకైనా, పెద్ద డాక్టరుకైనా, టోకు సరుకుకైనా ఇచ్ఛాపురంవాళ్ళు ఎటు చూస్తారో చెప్పనక్కరలేదు. బజారులో ఈనాటికీ రెండు భాషలు వినిపిస్తాయి. గుమాస్తాకు రెండూ రాకపోతే గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం కష్టం.

అంటే ఆ బజారులోని బాగా పాత కట్టడాలు సరిహద్దు కోసం కట్టినవి కావు. సరిహద్దు వాటి పక్కకు తర్వాత వచ్చింది. ఇది మనసులో పెట్టుకోకపోతే ఆ కొట్ల ఆకారం అర్థం కాదు. అంత చిన్న ఊళ్ళో అంత లోతైన గిడ్డంగులు ఎందుకు కట్టారని తికమకపడతాం.

అసలు ఇటుక ఎందుకు వచ్చిందో చూద్దాం. మన ఉత్తరాంధ్ర ఊళ్ళు మొన్నమొన్నటి దాకా తాటాకు ఊళ్ళు. మట్టి గోడ, తాటాకు కప్పు. వేసవిలో ఒక ఇంట నిప్పు లేస్తే వీధి మొత్తం పోయేది. ఇల్లు కాలితే మళ్ళీ వేసుకోవచ్చు, తాటాకు చవకే. గోనె సంచులు, నూనె డబ్బాలు, బట్టల బేళ్ళు నింపిన కొట్టు కాలితే ఆ కుటుంబం లేవడం కష్టం. అందుకే చాలా ఊళ్ళలో వర్తకుడు తన ఇంటికంటే ముందు కొట్టుకు ఇటుక గోడ పెట్టాడు. వెనక ఇల్లు పెంకుటిల్లుగానో, పూరిల్లుగానో ఉండగానే ముందు కొట్టు మిద్దె అయ్యేది. భార్య ఏమనేదో దస్తావేజుల్లో ఉండదు.

ఇటుకకు మట్టి ఊరి పక్కనే దొరుకుతుంది. ఏటి ఒండ్రు, చెరువు మట్టి. ఆవం కాల్చడానికి కట్టె, ఊక ఉన్నాయి. సున్నానికి సముద్రపు గుల్లలు ఉన్నాయి. కానీ డబ్బు కావాలి కదా. ఆ డబ్బు మూడు దారుల్లో వచ్చింది.

మొదటిది రైలు. 1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం వైపు తూర్పు తీరపు రైలు దారి వేశారు. 1900లో గోదావరి మీద వంతెన కూడా పూర్తయ్యాక మద్రాసు, కలకత్తాలకు నేరుగా సరుకు వెళ్ళే వీలు కలిగింది. అంతకు ముందు సరుకు కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవులకు బండ్ల మీద పోయి ఓడ ఎక్కేది. రైలు వచ్చాక రేవులు క్రమంగా చిన్నబోయాయి, స్టేషన్లున్న ఊళ్ళు లావెక్కాయి. చింతపండు, పసుపు, కరక్కాయ, వలిసెలు, ఆముదం గింజలు, అడ్డాకులు కొండల నుంచి దిగేవి. ఉప్పు, ఎండు చేపలు, కొబ్బరి, బట్ట, కిరసనాయిలు పైకి వెళ్ళేవి. నౌపడ ఉప్పు కోసమూ పర్లాకిమిడి రాకపోకల కోసమూ 1900లోనే నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్ళింది. ఇటు విజయనగరం వైపు కూడా ఇదే కథ. 1909 నాటికి పార్వతీపురం దాకా రైలు, 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్మ దారి. సాలూరు ఘాట్ రోడ్డు కింద కూర్చున్న ఊరు కాబట్టి జయపురం వైపు నుంచి వచ్చే సరుకంతా అక్కడ ఆగక తప్పేది కాదు. ఇచ్ఛాపురం గురించి నేను చెప్పేవాటిలో చాలా మాటలు సాలూరుకూ వర్తిస్తాయి. రాష్ట్రం గీత పక్కన రెండు ఊళ్ళు. ఒకదానికి కొండ కాపు, ఇంకోదానికి సముద్రపు గాలి.

రెండో దారి రంగం. మన తాతలు రంగూన్‌ను అలాగే పిలిచారు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళినవారు వేలల్లో ఉన్నారు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. కొందరు మేస్త్రీలయ్యారు, కొందరు వర్తకులయ్యారు. వారు పంపిన డబ్బుతో పొలాలు కొన్నారు, మేడలు కట్టారు. డబ్బుతో పాటు టేకు కూడా వచ్చింది. మన తీరపు ఊళ్ళలో పాత ఇంటివారు ఎవరైనా "మావి బర్మా టేకు దూలాలండీ" అని చెబితే అది గొప్పకు చెప్పేది మాత్రమే అని తీసేయకండి. 1942లో యుద్ధం వల్ల బర్మా నుంచి జనం కట్టుబట్టలతో తిరిగివచ్చారు. ఆ దారి అంతటితో మూసుకుపోయింది.

మూడో దారి గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే: వడ్డీ.

ఈ వర్తకంలో కళింగ వైశ్యులు ఉన్నారు, ఒడియా వర్తకులు ఉన్నారు, ముస్లిం వర్తకులు ఉన్నారు, రైలు వెంట వచ్చిన మార్వాడీలు ఉన్నారు. ఎవరు కట్టించినా మేస్త్రీ మాత్రం స్థానికుడే. అందుకే కొట్టు యజమాని ఎవరైనా ఇటుక పని ఒకే పోలిక.

ఇప్పుడు కొట్టు ముందు నిలబడదాం.

మొదట కనిపించేది పిట్టగోడ. దాని మీద సున్నంతో మలిచిన లక్ష్మీదేవి, రెండు పక్కలా ఏనుగులో, సింహాలో, చిలకలో. మధ్యలో కట్టిన సంవత్సరం, ఒక్కోసారి యజమాని పేరు. స్వాతంత్ర్యం వచ్చిన ఏళ్ళలో కట్టినవాటి మీద జెండా, జైహింద్ కనిపిస్తాయి. అందరూ దీన్నే ఫొటో తీసుకుంటారు. నేను చెప్పేదేమిటంటే, ముందు గోడను నమ్మకండి. అది మనవడు కట్టించినది కావచ్చు. ధర బాగా పలికిన ఏడాది కొట్టు ముఖం మార్చడం మన వర్తకులకు అలవాటు. వెనక గిడ్డంగి మాత్రం ఎవరూ మార్చరు, అక్కడికి చుట్టాలు రారు కాబట్టి. కట్టడం వయసు కావాలంటే వెనక్కి వెళ్ళాలి.

వెనక్కి వెళ్ళే ముందు అరుగు చూడండి. పాత కొట్ల అరుగులు వీధికి రెండు మూడడుగుల ఎత్తున ఉండేవి. ఎద్దుబండిని వెనక్కి తిప్పి ఆనిస్తే బండి పలక, అరుగు దాదాపు ఒకే మట్టం. బస్తా దింపేవాడి నడుము విరగకుండా చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు ఆ కొట్లు వీధి కంటే పల్లంలో ఉన్నాయి. కట్టడం కుంగలేదు, రోడ్డు పెరిగింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోయాం. ఆ పని చేసినవాళ్ళలో నా శాఖ కూడా ఉంది కాబట్టి ఎవరినీ ఏమీ అనను. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన కొట్టులోకి ఇప్పుడు మెట్లు దిగి వెళుతున్నాం, వాన నీళ్ళు కూడా మన వెనకే దిగుతున్నాయి.

తలుపులు. ఇనుప షట్టరు రాకముందు పలకల తలుపులు. పైనా కిందా గాడి, ఆ గాడిలో ఒక్కో పలకా జొనిపి, చివరి పలకకు తాళం. పలకల మీద అంకెలు చెక్కి ఉంటాయి, ఎందుకంటే రెండోది మూడో చోట పట్టదు. పొద్దున్నే కుర్రాడు పలకలు తీసి వరుసగా గోడకు ఆనించడమే బజారు తెరుచుకున్నట్టు గుర్తు. ఆ తలుపుల పైన ఇటుక కమాను ఉంటుంది. కమాను అలంకారం కాదు. రాతి పలకో, ఇనుప దిమ్మెయో దొరకని చోట తలుపు మీద గోడ బరువును పక్క స్తంభాల మీదకు తోసే పనిముట్టు అది. గుర్తు పెట్టుకోండి, ఇది మళ్ళీ అవసరమవుతుంది.

కొట్టు వెడల్పు పది, పన్నెండు అడుగులు. లోతు మాత్రం నలభై, యాభై, కొన్ని చోట్ల వెనక వీధి దాకా. ముందు అమ్మకం, నడుమ గల్లాపెట్టె, చిట్టా ఆవర్జాలు, దేవుడి పటం, ఆ వెనక వెలుతురు కోసం చిన్న వాకిలి, దాని వెనక గిడ్డంగి. ఇంత సన్నగా ఎందుకంటే, వీధి ముఖానికి విలువ ఎక్కువ. రెండో కారణం అన్నదమ్ముల పంపకం. పన్నెండడుగుల కొట్టును నిలువునా చీల్చి ఆరడుగులు పెద్దవాడికి, ఆరడుగులు చిన్నవాడికి ఇచ్చిన కొట్లు నేను చూశాను. మెట్లు ఎవరి వంతు అనే దగ్గర రెండు కుటుంబాలు తరాల తరబడి మాట్లాడుకోకపోవడమూ చూశాను.

ఈ సన్నదనం వల్ల ఒక పెద్ద సంగతి జరిగింది. పైకప్పు దూలాలు వీధికి సమాంతరంగా, ఒక పక్క గోడ నుంచి ఇంకో పక్క గోడకు వెళతాయి. ఆ పక్క గోడ మీ ఒక్కరిదే కాదు, పొరుగువారిది కూడా. ఉమ్మడి గోడ. ఒకే గోడలో ఇటు నుంచి మీ దూలం, అటు నుంచి వారి దూలం దూరి ఉంటాయి. అంటే ఆ వీధిలో పది కొట్లు ఉంటే అవి పది కట్టడాలు కావు, పది గదులున్న ఒకే కట్టడం. మధ్యలో ఒకటి పడగొడితే రెండు పక్కలా వణుకు పుడుతుంది. ఇవాళ పొక్లెయిన్‌తో ఒక కొట్టును ఒక పూటలో నేలమట్టం చేస్తున్నారు. వారం తర్వాత పక్క కొట్టు గోడ బీట వేసిందని తగువు. అది వాస్తు దోషం అంటారు. కాదండీ, దూలం పట్టు పోయింది.

పైకప్పు గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, నాకు ఇష్టమైన విషయం కాబట్టి. దీన్ని మద్రాసు మిద్దె అంటాం. దూలాల మీద అడుగున్నర ఎడంగా దంతెలు, అంటే సన్నటి అడ్డ కర్రలు, పరుస్తారు. వాటి మీద సన్నటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, గోడకు ఏటవాలుగా, సున్నంతో అంటిస్తూ పోతారు. కింద చెక్క బల్లలు కొట్టి పోత పోసే పని లేదు. ఒక వరుస తడి సున్నం పట్టుతో నిలబడుతుంది, దాని పట్టుతో తర్వాతి వరుస. పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందపాటి పొర. దాన్ని చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టాలి. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని పాట పాడుతూ కొట్టేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం చల్లుతూ కొట్టేవారు. కొండ నుంచి దిగిన కరక్కాయ కొంత ఊళ్ళోని మిద్దెల మీదకే ఎక్కిందన్నమాట.

ఆ సున్నం కూడా ఇప్పటి పొడి సున్నం కాదు. గుల్లలనో, సున్నపురాయినో బాగా కాల్చి, నీళ్ళు పోసి విరిచి, ఇసుకా ఇటుక పొడీ కలిపి, ఎద్దు తిప్పే రాతి చక్రం కింద గానుగలో నూరేవారు. ఊరి పెద్దలు డంగు సున్నం అని కూడా అంటారు. అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి రాయిగా మారుతూనే ఉంటుంది. సిమెంటుకు అంత ఓపిక లేదు. మన దేశంలో సిమెంటు వ్యాపారానికి తగినంతగా తయారవడం 1914లో పోర్‌బందర్‌లో మొదలైంది. మన బజార్లలోకి అది ఇంటింటికీ రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇక వయసు కనిపెట్టే గుర్తులు. ఇటుక మందం చూడండి. అంగుళంన్నర, రెండంగుళాల పలచటి ఇటుక అయితే పాత దేశవాళీ పని. తొమ్మిది అంగుళాల పొడవు, మూడంగుళాల మందం కనిపిస్తే ఇంజనీర్ల కొలత ఊళ్ళోకి వచ్చిన తర్వాతిది. ఒక వరుసలో ఇటుకల పొడవులు, పై వరుసలో తలలు, మళ్ళీ పొడవులు అలా కనిపిస్తే ఆ మేస్త్రీ రైల్వే పని చూసినవాడో, చేసినవాడో అయి ఉంటాడు. స్టేషన్లు, క్వార్టర్లు, వంతెన కమానులు కట్టిన చేతులే తర్వాత బజారు కొట్లు కట్టాయి. ఇది నా ఊహ, అయినా వదులుకోను.

పెంకు తిరగేసి చూడండి. మంగుళూరు పెంకు అడుగున తయారుచేసినవారి పేరు ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. బాసెల్ మిషన్ పెంకు మీద 1865 అని కనిపిస్తే మీ ఇల్లు 1865 నాటిదని పత్రికకు రాయకండి. అది ఆ కర్మాగారం పెట్టిన సంవత్సరం. తర్వాత ఎన్నో ఏళ్ళు అదే అచ్చు వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ కర్మాగారాలు జర్మనీ, స్విట్జర్లాండ్ మిషనరీల చేతుల నుంచి పోయి కామన్‌వెల్త్ ట్రస్టు కిందికి వచ్చాయి. కాబట్టి కామన్‌వెల్త్ పేరున్న పెంకు యుద్ధం తర్వాతిది. ఇనుప దూలాలకూ ఇలాగే పేరుంటుంది. డార్మన్ లాంగ్ అని ఉంటే ఇంగ్లండు నుంచి వచ్చింది. టాటా పేరుంటే 1912కు ముందుది కానే కాదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోత మొదలైంది అప్పుడే. చీకటి గిడ్డంగిలో టార్చి వేసి దూలం పక్క భాగం చూస్తే ఈ పేర్లు కనిపిస్తాయి. గబ్బిలాలు కూడా కనిపిస్తాయి, ఓర్చుకోవాలి.

ఇప్పుడు 1936కు వద్దాం. 1931లో శామ్యూల్ ఓ'డొనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘం వేశారు. ఏ ఊరు ఎటు అని ఏళ్ళ తరబడి వాదనలు, విజ్ఞప్తులు, సభలు. చివరికి బరంపురం అటు వెళ్ళింది, పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళింది, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు మిగిలి విశాఖ జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది, గీత పడ్డాక గిడ్డంగికి ఏమైందనేది.

గీత పడిన రోజున ఏ కొట్టూ మూతపడలేదు. బరంపురం టోకు వర్తకుడు, ఇచ్ఛాపురం చిల్లర వర్తకుడు మర్నాడు కూడా అవే పద్దులు రాసుకున్నారు. మార్పు తర్వాత, పన్నుల రూపంలో వచ్చింది. 1939లో మద్రాసు రాష్ట్రం అమ్మకం పన్ను తెచ్చింది. దేశంలో సాధారణ అమ్మకం పన్నుకు అదే మొదలు. ఆ తర్వాత యుద్ధం, ధాన్యం మీద నియంత్రణలు, రేషను, ఒక చోటి బియ్యం ఇంకో చోటికి పోకూడదనే ఆంక్షలు. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో బియ్యం రేషను ఎత్తేశారు. కానీ ఈ పదేళ్ళలో సరిహద్దు బజారు ఒక పాఠం నేర్చుకుంది. గీతకు ఇటూ అటూ ఒకే వస్తువుకు రెండు ధరలు ఉంటే, ఆ తేడా మీద కూడా బతకవచ్చు. మిగతా సంగతి మీరు ఊహించగలరు. గిడ్డంగులకు వెనక వీధిలోకి తలుపులు ఎందుకు ఉన్నాయో కూడా. అన్నీ అందుకే అనను. బండి ముందు నుంచి వచ్చి వెనక నుంచి పోవడానికి పెట్టినవీ ఉన్నాయి. కానీ బయట గోడ ఇటుక పాతగా, తలుపు చుట్టూ ఇటుక కొత్తగా ఉన్న చోట అనుమానించడానికి నాకు హక్కుంది.

తర్వాత చెక్‌పోస్టు కాలం. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరేవి. కాగితాలు, సీళ్ళు, నిరీక్షణ. లారీ ఆగిన చోట హోటలు, టైరు పంక్చరు, టీ కొట్టు. డబ్బు బజారు వీధిని వదిలి హైవే మీదకు నడిచింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల కథ ముగిసింది. పన్ను తేడా మీద బతికిన వర్తకం సన్నగిల్లింది. ఇప్పుడు ఆ లోతైన గిడ్డంగుల్లో చాలావాటిలో పాత కుర్చీలు, ఎన్నికల ఫ్లెక్సీలు ఉన్నాయి.

ఈ కట్టడాలను ఎవరు చంపుతున్నారు? తుపాను అనుకుంటాం. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస వైపే దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. అలాంటి గాలికి పెంకులు ఎగిరిపోతాయి, రేకులు ఎగిరిపోతాయి. పద్దెనిమిది అంగుళాల ఇటుక గోడకు, మీద ఆ మద్రాసు మిద్దె బరువుకు గాలి భయం తక్కువ. వాటిని చంపేది మనం చేసే మరమ్మతు.

ఉదాహరణకు షట్టరు. రెండు పలకల తలుపుల మధ్య ఇటుక స్తంభం ఉంటుంది. ఒకే పెద్ద షట్టరు పెట్టాలంటే అది అడ్డం. తీసేస్తారు. కమానులు బరువును తోసేది ఆ స్తంభం మీదకే అని ఇందాక చెప్పాను. కుర్చీ కాలు విరిచి అదే కుర్చీలో కూర్చోవడం ఇది. ఒక ఇనుప కమ్మీ పెట్టి పని అయిపోయిందంటారు. ఏడాదికో, పదేళ్ళకో పై గోడలో నిలువు బీట వస్తుంది.

రోడ్డు వెడల్పు ఇంకొకటి. ముందు పది అడుగులు కోసి, కోసిన చోట కొత్త గోడ కట్టి, పిట్టగోడ మీద లక్ష్మీదేవికి బదులు ఫోను కంపెనీ బోర్డు పెడతారు. రోడ్డు వద్దని నేననను, అంబులెన్సు వెళ్ళాలి. కోసే ముందు దూలాలు ఎటు నడుస్తున్నాయో చూసే మనిషి ఒకరు ఉండాలంటున్నాను.

చట్టం కాపాడదా అని అడుగుతారు. 1958 కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అనిపించుకోవాలంటే నూరేళ్ళు నిండాలి. నిండితే చాలదు, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించాలి. గుడికో, కోటకో ప్రకటిస్తారు. బెల్లం కొట్టుకు ప్రకటన వస్తుందని ఎదురుచూడకండి. మనం చేయగలిగింది రాసి పెట్టుకోవడం. ఒక టేపు, ఒక ఫోను, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ముందు గోడ కాకుండా పొడవునా నేల కొలత తీయండి. దూలం పేరు, పెంకు పేరు, ఇటుక మందం రాయండి. యజమాని ఒప్పుకుంటే పాత దస్తావేజు చూడండి. అందులో నాలుగు హద్దులు రాస్తారు కదా, తూర్పున ఫలానావారి కొట్టు, దక్షిణాన రాజబాట, పడమర ఫలానావారి ఖాళీ స్థలం అని. వరుసగా అయిదారు కొట్ల దస్తావేజులు పక్కపక్కన పెడితే ఆ ఏటి వీధి మొత్తం పటంలా లేస్తుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు అమ్ముకుని వెళ్ళారో తెలుస్తుంది. 1983 నుంచి ఈసీలు, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రాలు, కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాలు తిప్పాలి. దుమ్ముకు సిద్ధపడి వెళ్ళండి.

ఇందాక ఒక చీటీ వచ్చింది. చదువుతాను: "మా తాతగారి కొట్టు గోడ నుంచి ఉప్పు రాలుతోంది. రెండుసార్లు సిమెంటు పూత వేయించినా ఆగలేదు. పడగొట్టక తప్పదంటున్నారు. నిజమేనా?"

నిజం కాదు. పడగొట్టమన్నవారు బహుశా కొత్తది కట్టేవారే అయి ఉంటారు. జరిగేది ఇది. నేలలో, సముద్రపు గాలిలో ఉప్పు ఉంది. నేల తడి ఇటుక గుండా పైకి పాకుతుంది, ఉప్పును మోసుకొస్తుంది. సున్నపు పూత ఉన్నప్పుడు ఆ తడి పూత గుండా గాలిలోకి పోయేది. ఉప్పు పూత మీద తెల్లగా పేరుకునేది, ఏటా వెల్ల వేసేటప్పుడు గీకేసేవారు. సిమెంటు పూత వేశాక తడికి దారి లేదు. నీరు పూత వెనకే నిలిచి, కొంచెం కొంచెంగా ఆరి, ఉప్పు అక్కడే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని లోపలి నుంచి పొడి చేస్తుంది. మీరు మూడోసారి సిమెంటు వేస్తే గోడ మరింత లోపల నుంచి రాలుతుంది.

సిమెంటు మొత్తం జాగ్రత్తగా కొట్టించండి, ఇటుక పగలకుండా. గోడ అడుగున రోడ్డు నీరు నిలవకుండా కాలువ తీయించండి. ఒక వేసవి గోడను వట్టిగా వదిలేయండి, పైకి వచ్చిన ఉప్పును పొడి కుంచెతో తుడవండి. నీళ్ళతో కడగొద్దు, మళ్ళీ లోపలికి పోతుంది. బాగా పాడైన ఇటుకలను తీసి అదే మందం ఇటుక పెట్టించండి, పడగొట్టిన పాత కొట్ల దగ్గర దొరుకుతాయి. సున్నంతో కట్టిన ఇటుక శుభ్రంగా ఊడి వస్తుంది, మళ్ళీ వాడుకోవచ్చు. ఆ తర్వాత సున్నపు పూత వేయించండి, సిమెంటు చిటికెడు కూడా కలపకుండా. మేస్త్రీ కలుపుతానంటాడు, దగ్గర నిలబడండి. పని సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు పూత నెమ్మదిగా గట్టిపడుతుంది. అప్పటి దాకా రోజూ రెండు పూటలా కొంచెం నీళ్ళు చల్లుతూ ఉండాలి.

ఇంకెవరివైనా చీటీలు ఉంటే పంపండి.